కేబుల్ కోసే ముందు తాడు లాగి చూడాలి

దక్షిణ ఒడిశాలోని బరంపురం పాత వీధుల్లో ఇళ్లు ముందు నుంచి చూస్తే ఇరుకుగా కనిపిస్తాయి. లోపలికి వెళ్తే ఒక గది వెనక ఇంకో గది, తర్వాత వసారా, నుయ్యి, పెరడు. పక్కింటికీ ఈ ఇంటికీ గోడ ఒకటే. హ్యామ్ రేడియో (లైసెన్సు తీసుకుని ఇంటి నుంచే పంపి, వినే రేడియో) పెట్టుకునే గది చాలాసార్లు వీధి వైపు ఉంటుంది. యాంటెన్నా కట్టడానికి పనికొచ్చే కొబ్బరి చెట్టేమో పెరటి చివర ఉంటుంది. పర్లాకిమిడి పాత వీధుల్లోనూ ఇదే వరస. ఆ చెట్టు మీది నుంచి ఈ గది దాకా కొయాక్స్ కేబుల్ (రేడియోనీ యాంటెన్నానీ కలిపే గుండ్రటి కేబుల్) లాగాలంటే ముప్ఫై, నలభై మీటర్లు పడుతుంది. లైసెన్సు చేతికొచ్చి, వీయూ3తో మొదలయ్యే కాల్‌సైన్ వచ్చిన కొత్త హ్యామ్‌కి మొదటి టెన్షన్ ఇక్కడే: ఎంత పొడవు కొనాలి?

దీనికి తరచుగా వినిపించే జవాబు ఒకటుంది. కేబుల్‌ని హాఫ్ వేవ్ (సగం తరంగం పొడవు) లెక్కకి కోయాలి, 7.1 మెగాహెర్ట్జ్‌కి అయితే 13.9 మీటర్లు, చాలకపోతే దానికి రెండు రెట్లో మూడు రెట్లో ఉండాలి, ఆ కొలత తప్పితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నాకి పంపిన పవర్ ఎంత తిరిగొస్తోందో తెలిపే అంకె, 1కి దగ్గరుంటే మంచిది) కుదరదు అని. ఈ మాట నమ్మి కొందరు అవసరం లేని పది మీటర్లు చుట్టగా చుట్టి అటక మీద పెడతారు. ఇంకొందరు కేబుల్ అందడం కోసం యాంటెన్నానే కిందికి దించుతారు. రెండోది ఎక్కువ నష్టం. యాంటెన్నాకి ఎత్తే ప్రాణం, దాన్ని కేబుల్ కోసం వదులుకోకూడదు.

హాఫ్ వేవ్ మాట పుట్టిన చోట మాత్రం అది నిజమే. విద్యుత్ లెక్కలో సరిగ్గా సగం తరంగం పొడవున్న కేబుల్, అవతలి చివర ఎంత ఇంపీడెన్స్ (కరెంటుకి ఎదురయ్యే అడ్డు, ఓమ్‌లలో కొలుస్తారు) ఉందో ఇవతలి చివరా అంతే చూపిస్తుంది. యాంటెన్నా 30 ఓమ్‌లైతే రేడియో దగ్గరా 30 ఓమ్‌లే కనిపిస్తాయి. కేబుల్ 50 ఓమ్‌లదైనా 75 ఓమ్‌లదైనా తేడా లేదు. చెట్టెక్కి కొలిచే వీలు లేనప్పుడు, గదిలో కూర్చునే యాంటెన్నా సంగతి తెలుసుకోవడానికి ఇది మంచి ఉపాయం. లెక్క కూడా సులువు. 150ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే గాలిలో సగం తరంగం ఎన్ని మీటర్లో వస్తుంది. దాన్ని ఆ కేబుల్ వెలాసిటీ ఫ్యాక్టర్‌తో (గాలిలో వేగంతో పోలిస్తే కేబుల్‌లో తరంగం వేగం ఎంత వంతో చెప్పే అంకెతో) గుణించాలి. లోపల గట్టి పాలిథీన్ ఉండే సన్నటి ఆర్‌జీ-58, లావుపాటి ఆర్‌జీ-213 కేబుళ్లకి అది 0.66. కాబట్టి 150ని 7.1తో భాగిస్తే 21.1, దాన్ని 0.66తో గుణిస్తే 13.9. లోపల ఫోమ్ ఉండే కేబుళ్లలో వెలాసిటీ ఫ్యాక్టర్ 0.8 నుంచి 0.85 దాకా ఉంటుంది, అప్పుడు అదే ఫ్రీక్వెన్సీకి 17, 18 మీటర్లు కావాలి. కేబుల్ ఏ రకమో చూడకుండా 13.9 అని బట్టీ పట్టినవాళ్లకి లెక్క మొదట్లోనే తప్పుతుంది.

పైగా 7.1కి కోసిన కొలత 14.2కీ 21.3కీ కూడా సరిపోతుంది గానీ, 10.1కీ 18.1కీ సరిపోదు. ఇప్పుడు ఆ ఉపాయం అవసరం కూడా తగ్గిపోయింది. యాంటెన్నానీ కేబుల్‌నీ కొలిచే, అరచేతిలో పట్టే నానోవీఎన్‌ఏ అనే పరికరం చాలామంది దగ్గర ఉంది. కేబుల్ పైచివర ఒకసారి ఓపెన్, ఒకసారి షార్ట్, ఒకసారి 50 ఓమ్ లోడ్ పెట్టి క్యాలిబ్రేట్ చేస్తే, కేబుల్ ఎంత పొడవున్నా దాని ప్రభావాన్ని ఆ పరికరమే తీసేసి యాంటెన్నా ఒక్కదాన్నే చూపిస్తుంది.

ఇక ఎస్‌డబ్ల్యూఆర్. 50 ఓమ్ కేబుల్‌లో, నష్టం సంగతి కాసేపు పక్కన పెడితే, యాంటెన్నా దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ ఎంతో రేడియో దగ్గరా అంతే. మీటరు చొప్పున కోసుకుంటూ పోయినా అది మారదు. పొడవుతో మారేది ఇంపీడెన్స్. యాంటెన్నా దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ 3 అనుకుంటే, ఒక పొడవు దగ్గర 150 ఓమ్‌లు, ఇంకో పొడవు దగ్గర 17 ఓమ్‌లు, మధ్యలో కెపాసిటివ్‌గానో ఇండక్టివ్‌గానో కలగాపులగంగా ఉంటుంది. వీటన్నిటికీ ఎస్‌డబ్ల్యూఆర్ మాత్రం 3. అందుకే రేడియోలోపల ఉండే చిన్న ఆటోట్యూనర్ (ఆ ఇంపీడెన్స్‌ని రేడియోకి నప్పేలా సర్దే భాగం) ఒక పొడవుకి ట్యూన్ అయ్యి, మరో పొడవుకి మొరాయిస్తుంది. ట్యూనర్ మీద ఆధారపడే యాంటెన్నా వాడుతుంటే ఒకటి రెండు మీటర్ల అదనపు ముక్క కలిపి చూడటం తప్పు కాదు, పని చేస్తుంది. అది ట్యూనర్‌కి చేసే సాయం, యాంటెన్నా బాగుపడటం కాదు. ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే గందరగోళం అంతా.

అందువల్ల ట్యూనర్ లేకుండా, కేబుల్ పొడవు మార్చినప్పుడల్లా మీటరులో ఎస్‌డబ్ల్యూఆర్ మారుతోందంటే, సంబరపడి మంచి అంకె వచ్చేదాకా కోయడం కాదు చెయ్యాల్సింది. అది రోగలక్షణం. కేబుల్ 50 ఓమ్‌లది కాకపోవచ్చు, కేబుల్‌లో నష్టం ఎక్కువ ఉండొచ్చు, లేదా కేబుల్ పై పొర మీద కరెంటు పారుతూ ఉండొచ్చు.

మొదటిది ఈ జిల్లాల్లో మామూలే. రాయగడలోనో గుణుపురంలోనో బజారుకి వెళ్తే ఏ టీవీ కేబుల్ షాపులోనైనా దొరికేది ఆర్‌జీ-6. అది 75 ఓమ్‌లది. దాన్ని వాడకూడదని ఒట్టు పెట్టుకోనక్కర్లేదు. 145 మెగాహెర్ట్జ్ దగ్గర మంచి ఆర్‌జీ-6లో నష్టం దాదాపు ఆర్‌జీ-213తో సమానం, ధర చూస్తే చాలా తక్కువ. అయితే దీంతో పొడవుకి నిజంగానే పాత్ర వస్తుంది. యాంటెన్నా సరిగ్గా 50 ఓమ్‌లుంటే, 75 ఓమ్ కేబుల్ హాఫ్ వేవ్ గుణకాల్లో ఉన్నప్పుడు రేడియోకి 50 ఓమ్‌లే కనిపిస్తాయి. క్వార్టర్ వేవ్ (పావు తరంగం) బేసి గుణకాల్లో ఉంటే 112 ఓమ్‌లు కనిపిస్తాయి, మీటరు 2.2 దాటి చూపిస్తుంది. అదే యాంటెన్నా 75 ఓమ్‌ల దగ్గర ఉంటే, ఎత్తుగా కట్టిన డైపోల్ (మధ్య నుంచి రెండు వైపులా సమానంగా చాచిన తీగ యాంటెన్నా) చాలాసార్లు ఆ చుట్టుపక్కలే ఉంటుంది, ఏ పొడవుకైనా 1.5 కనిపిస్తుంది, దాన్ని ఏ రేడియో అయినా భరిస్తుంది. హాఫ్ వేవ్ సలహా ఇప్పటికీ పనికొచ్చే చోటు ఈ ఆర్‌జీ-6 వాడకమే. దీంతో వచ్చే అసలు ఇబ్బంది వేరు. పై జల్లెడ (మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) అల్యూమినియం కాబట్టి టంకం పట్టదు, నొక్కి బిగించే ఎఫ్ కనెక్టర్లే వాడాలి. మధ్య తీగ చాలావాటిలో రాగి పూత పూసిన ఉక్కు. 3.5 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీల్లో కరెంటు ఆ పలచటి రాగి పూత దాటి ఉక్కులోకి దిగుతుంది కాబట్టి నష్టం అనుకున్నదానికంటే పెరుగుతుంది.

నలభై మీటర్ల ఇంటి లెక్క

పొడవు గురించి నిజంగా ఆలోచించాల్సింది నష్టం దగ్గర. బరంపురం ఇంటికి నలభై మీటర్ల కేబుల్ కావాలనుకుందాం. 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఆర్‌జీ-58లో వంద మీటర్లకి సుమారు 4 డీబీ (డెసిబెల్, పవర్ ఎంత వంతు తగ్గిందో చెప్పే కొలత) పోతుంది. నలభై మీటర్లకి 1.6 డీబీ. రేడియో 100 వాట్లు పంపితే చెట్టు మీదికి 69 వాట్లు చేరతాయి. వినడానికి పెద్ద నష్టంలా ఉంటుంది గానీ, అవతలివాళ్ల సిగ్నల్ మీటరులో ఒక ఎస్ యూనిట్, అంటే ఒక మెట్టు, 6 డీబీ. ఈ నష్టం అందులో నాలుగో వంతు, చెవికి తెలియడమే కష్టం. వినడంలో కూడా ఫరక్ ఉండదు. 7 మెగాహెర్ట్జ్‌లో గాలిలోని రొద, ఊళ్లోని ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్ల రొద కేబుల్ నష్టం కంటే చాలా ఎక్కువ. సిగ్నల్ తగ్గితే రొదా అంతే తగ్గుతుంది. కాబట్టి 40 మీటర్ల బ్యాండులో (7 మెగాహెర్ట్జ్‌కి ఉన్న పేరు అది, తరంగం పొడవుని బట్టి) పని చేసేవాళ్లు సన్నటి ఆర్‌జీ-58తోనే నిశ్చింతగా ఉండొచ్చు. మూడు నాలుగు రెట్లు డబ్బు పెట్టి లావుపాటి కేబుల్ కొనే ముందు ఆ డబ్బుతో యాంటెన్నాని ఇంకో మూడు మీటర్లు పైకెత్తగలమా అని చూడటం మంచిది.

అదే ఇంట్లో అదే కేబుల్‌ని 145 మెగాహెర్ట్జ్‌కి వాడితే కథ మారిపోతుంది. అక్కడ ఆర్‌జీ-58లో వంద మీటర్లకి సుమారు 20 డీబీ పోతుంది. నలభై మీటర్లకి 8 డీబీ. 50 వాట్లు బయల్దేరితే పైకి చేరేది 8 వాట్లు, మిగతా 42 వాట్లు దారిలో కేబుల్‌ని వెచ్చబెట్టడానికి పోతాయి. ఆర్‌జీ-213 వేస్తే నష్టం 3.4 డీబీ, 23 వాట్లు చేరతాయి. నష్టం ఇంకా తక్కువుండే ఎల్‌ఎంఆర్-400 రకం కేబుల్ వేస్తే 2 డీబీ, 31 వాట్లు. 435 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహాలు వినాలనుకునేవాళ్లకి నలభై మీటర్ల ఆర్‌జీ-58 అంటే దాదాపు తలుపు మూసేసినట్టే. ఈ బ్యాండుల్లో గాలిలోని రొద తక్కువ కాబట్టి, రిసీవర్ ముందు పోయిన ప్రతి డీబీ వినికిడిలోంచి నేరుగా పోతుంది. పవర్ పెంచుకుని సరిదిద్దుకునే అవకాశం పంపడంలో ఉంది గానీ వినడంలో లేదు. కేబుల్ మార్చకపోతే, యాంటెన్నా పక్కనే ప్రీయాంప్ (సిగ్నల్‌ని కేబుల్‌లోకి దిగకముందే పెంచే పరికరం) పెట్టడం ఒక్కటే దారి.

నష్టం ఎక్కువున్న కేబుల్ ఇంకో పని చేస్తుంది, ఇది చాలామందిని మోసం చేసింది. యాంటెన్నా నుంచి తిరిగొచ్చే పవర్ కూడా అదే కేబుల్‌లో అరిగిపోతూ వస్తుంది. పోయేటప్పుడు 8 డీబీ, వచ్చేటప్పుడు 8 డీబీ, మొత్తం 16. అంటే తుఫాను గాలికి యాంటెన్నా తెగి పెరట్లో పడిపోయినా, గదిలో మీటరు 1.4 చూపిస్తుంది. పైన ఏమీ లేకపోయినా కింద అంతా బాగున్నట్టే ఉంటుంది. పొడవైన సన్న కేబుల్‌తో వీహెచ్‌ఎఫ్‌లో (145 మెగాహెర్ట్జ్ లాంటి చోట) ఫ్రీక్వెన్సీ మార్చినా ఎస్‌డబ్ల్యూఆర్ అటూ ఇటూ కదలకుండా చక్కగా ఉందంటే, అనుమానించాల్సింది ముందు కేబుల్‌నే.

అలాగని పొడవుకి భయపడి యాంటెన్నాని కింద పెట్టడమూ లెక్క కాదు. పర్లాకిమిడి చుట్టూ కొండలే. మహేంద్రగిరి 1501 మీటర్లు. కోరాపుట్ వైపు దేవమాలి 1672 మీటర్లు. ఇలాంటి నేలలో వీహెచ్‌ఎఫ్ సిగ్నల్‌కి చూపు ఆనే దారి దొరకడమే ముఖ్యం. అడ్డు లేని నేల మీద యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే సుమారు 6 డీబీ దాకా లాభం వస్తుంది. ఆరు మీటర్ల ఎత్తు నుంచి పన్నెండుకి లేపితే అదనంగా పట్టే ఆరు మీటర్ల ఆర్‌జీ-58లో పోయేది 1.2 డీబీ. లాభమే ఎక్కువ. డాబా పిట్టగోడ దాటి, ఎదురింటి నీళ్ల ట్యాంకు దాటి యాంటెన్నా తల బయటపడిందంటే ఆ మీటర్లు దండగ కానే కాదు.

ఇన్ని లెక్కల తర్వాత ఆ పొడవాటి ఇంటికి తేలేది ఒకటే. 7, 14 మెగాహెర్ట్జ్‌ల డైపోల్ పెరట్లో కొబ్బరి చెట్టుకే ఉండాలి, నలభై మీటర్ల కేబుల్‌తో. వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా మాత్రం వీధి వైపు డాబా మీద, గదికి నేరుగా పైన, పది మీటర్ల మంచి కేబుల్‌తో ఉండాలి. పది మీటర్ల ఆర్‌జీ-213లో 145 దగ్గర పోయేది 0.9 డీబీ కూడా కాదు. లేదా రేడియోనే పైగదిలోకి మార్చుకోవాలి. కేబుల్‌ని తగ్గించడం కంటే కుర్చీని కదపడం చాలాసార్లు చౌక.

పై పొర మీద పారే కరెంటు

కొయాక్స్ అంటే రెండు తీగలు అనుకుంటాం, మధ్యలో ఒకటి, చుట్టూ జల్లెడ. హెచ్‌ఎఫ్ (7, 14 మెగాహెర్ట్జ్ లాంటివి), వీహెచ్‌ఎఫ్ కరెంటుకి అది మూడు తీగలు. ఎందుకంటే ఈ కరెంటు లోహం లోతుకి దిగదు, ఉపరితలం మీదే పారుతుంది. జల్లెడ లోపలి ముఖం ఒక తీగ, బయటి ముఖం ఇంకో తీగ. లోపల జరిగేది బయటికి తెలియదు. పైన, యాంటెన్నా తగిలించిన చోట మాత్రం రెండు ముఖాలూ కలుస్తాయి. డైపోల్ ఒక చెయ్యికి వెళ్లాల్సిన కరెంటుకి అక్కడ రెండు దారులు దొరుకుతాయి, ఒకటి డైపోల్ చెయ్యి, రెండోది జల్లెడ బయటి ముఖం మీదుగా కిందికి. రెండో దారిలో ఎంత దిగుతుందన్నది ఆ దారి పొడవు మీద ఆధారపడి ఉంటుంది. కేబుల్ పొడవుకి సంబంధించిన అసలు గుట్టు ఇక్కడుంది, కానీ దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ఈ బయటి దారి లెక్కలో 0.66 ఉండదు. బయట ఉన్నది గాలి, పలచటి ప్లాస్టిక్ తొడుగు. కాబట్టి తరంగం దాదాపు గాలిలో లాగే పోతుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కి క్వార్టర్ వేవ్ 10.6 మీటర్లు, హాఫ్ వేవ్ 21.1 మీటర్లు. యాంటెన్నా నుంచి జల్లెడ మీదుగా, రేడియో డబ్బా మీదుగా, ఎర్త్ తీగ మీదుగా నేలలోకి దిగే దాకా ఉన్న మొత్తం దారి హాఫ్ వేవ్ గుణకాల్లో ఉంటే, పైన ఆ దారి చాలా తేలిక దారిగా కనిపిస్తుంది, కరెంటు ధారాళంగా దిగుతుంది. క్వార్టర్ వేవ్ బేసి గుణకాల్లో ఉంటే ఆ దారి మూసుకున్నట్టు ఉంటుంది.

ఇప్పుడు హాఫ్ వేవ్ సలహా పాటించి 13.9కి మూడు రెట్లు, 41.8 మీటర్లు కోసిన కేబుల్‌ని చూడాలి. లోపలి లెక్కకి అది అచ్చంగా సరిపోయింది. రేడియో పక్కనే అర మీటరు తీగతో ఎర్త్ అయిందనుకుంటే బయటి దారి 42.3 మీటర్లు. 21.1కి రెట్టింపు 42.2. లోపల శుభమని ఎంచుకున్న కొలత బయటికి అన్నిటికంటే చెడ్డ కొలత అయింది. గోడ పక్కన, నేల మీద పాకే కేబుల్‌లో ఈ అంకెలు కొంత అటూ ఇటూ జరుగుతాయి, కానీ ప్రమాదం ఏ వైపు ఉందో లెక్క చెప్పేస్తోంది.

అయితే క్వార్టర్ వేవ్ చూసుకుని కోద్దామా అంటే అదీ కుదరదు. చెట్టు మొదట్లో ఎర్త్ రాడ్ పాతి, యాంటెన్నా మధ్య బిందువు నుంచి అక్కడికి 10.6 మీటర్లు వచ్చేలా కట్టారనుకుందాం. 7.1కి అది క్వార్టర్ వేవ్, బ్రహ్మాండం. అదే డైపోల్‌కి 14.2 కోసం ఇంకో జత తీగలు కడితే, ఆ 10.6 మీటర్లే దానికి హాఫ్ వేవ్. ఒక బ్యాండుకి మూసిన తలుపు ఇంకో బ్యాండుకి బార్లా తెరుచుకుంది. అన్ని బ్యాండులకీ సరిపోయే పొడవు లేదు. దాన్ని వెతకడం మానేసి, చోక్ పెట్టాలి.

చోక్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. ఎఫ్‌టీ240-31 లేదా ఎఫ్‌టీ240-43 అనే ఫెరైట్ రింగు మీద ఆర్‌జీ-58ని పది పన్నెండు చుట్లు చుట్టి, యాంటెన్నా తగిలించే చోటే పెట్టాలి. లోపలి సిగ్నల్‌కి ఏ అడ్డూ ఉండదు, బయటి కరెంటుకి మాత్రం వేల ఓమ్‌ల గోడ అవుతుంది. పన్నెండు చుట్లకి దాదాపు మీటరు కేబుల్ పడుతుంది. ఫెరైట్ దొరకనప్పుడు నాలుగైదు మీటర్ల కేబుల్‌ని పీవీసీ పైపు మీద ఒక పొరగా చుట్టినా ఒకటి రెండు బ్యాండులకి పని జరుగుతుంది. ఇందులో చుట్లు ఒకదాని మీద ఒకటి కలగలిసిపోకూడదు, మొదటి చుట్టూ చివరి చుట్టూ దూరంగా ఉండాలి. కొనే పొడవులో ఈ నాలుగైదు మీటర్లు కూడా లెక్కేసుకోవాలి.

బయటి కరెంటు ఉందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. తక్కువ పవర్ పెట్టి, మీటరు చూస్తూ కేబుల్ తొడుగుని చేత్తో పట్టుకుని వదలాలి. అంకె కదిలితే కరెంటు ఉన్నట్టే. మైకు పెదవికి తగిలి చురుక్కుమన్నా, మాట్లాడినప్పుడల్లా పక్కింటి స్పీకర్‌లో గురగురమన్నా అదే. ఈ కరెంటు పంపేటప్పుడే కాదు, వినేటప్పుడూ నష్టం చేస్తుంది. ఇంట్లో ఛార్జర్లు, ఇన్వర్టర్ల రొదని పోగేసి యాంటెన్నాలోకి చేరవేస్తుంది. గోడ ఒకటే ఉన్న ఇళ్లలో పక్కింటి రొద కూడా కలుస్తుంది. అందుకే గది దగ్గర రెండో చోక్ పెడితే వినికిడిలో తేడా వెంటనే తెలుస్తుంది. కేబుల్‌ని డైపోల్ ఒక చెయ్యి కింద నుంచే లాక్కుపోతే చోక్ దాటాక కూడా కరెంటు మళ్లీ ఎక్కుతుంది. వీలైనంత దూరం నిట్టనిలువుగా కిందికి దించాలి.

ఎండ్ ఫెడ్ హాఫ్ వేవ్ యాంటెన్నాలది మాత్రం వేరే సంగతి. ఒక కొసకి 49:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి కట్టే ఆ తీగకి రెండో చెయ్యి లేదు, జల్లెడ బయటి ముఖమే ఆ పని చేస్తుంది. అక్కడ చోక్‌ని ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆనించి పెట్టకూడదు. 7 మెగాహెర్ట్జ్‌కి రెండు మీటర్లకి పైగా కేబుల్ వదిలి ఆ తర్వాత పెట్టాలి.

మిల్లీమీటరు పట్టించుకోవాల్సిన చోట

పొడవు కచ్చితంగా ఉండాల్సిన కేబుళ్లు ఉన్నాయి, కానీ అవి గదికి వచ్చే కేబుళ్లు కావు. యాంటెన్నా లోపలి భాగాలు. రెండు యాగీలను (ఒక దిక్కుకి గురిపెట్టే యాంటెన్నాలని) ఒకదాని మీద ఒకటి పెట్టి కలిపితే రెండిటికీ వెళ్లే ముక్కలు సమానంగా ఉండాలి. 145 మెగాహెర్ట్జ్‌లో ఆర్‌జీ-58 ఒక సెంటీమీటరు తేడా అంటే ఫేజులో రెండున్నర డిగ్రీలకి పైనే, 435లో దాదాపు ఎనిమిది డిగ్రీలు. 110 ఓమ్‌ల లూప్ యాంటెన్నాని 50కి మార్చే 75 ఓమ్ క్వార్టర్ వేవ్ ముక్క 145కి 34 సెంటీమీటర్లు ఉండాలి, గట్టి పాలిథీన్ కేబుల్ అయితే. 200 ఓమ్‌ల ఫోల్డెడ్ డైపోల్‌కి కట్టే హాఫ్ వేవ్ లూప్ బాలన్ (ఆ యాంటెన్నాని కేబుల్‌కి జతకూర్చే ముక్క) 68 సెంటీమీటర్లు. ఇక్కడ వెలాసిటీ ఫ్యాక్టర్ పుస్తకంలో చూసి నమ్మకూడదు, చేతిలో ఉన్న కేబుల్‌ని కొలవాలి. పది మీటర్ల ముక్క తీసుకుని, అవతలి చివర తెరిచి ఉంచి, నానోవీఎన్‌ఏలో ఇంపీడెన్స్ సున్నా దగ్గరికి పడిపోయే మొదటి ఫ్రీక్వెన్సీ చూడాలి. 4.95 మెగాహెర్ట్జ్ దగ్గర పడితే, 4.95ని పదితో గుణించి 75తో భాగించాలి, 0.66 వస్తుంది. అదే ముక్క ఆరుకి పైన చూపిస్తే, తొడుగు మీద ఏం అచ్చేసినా అది ఫోమ్ కేబులే.

ఉప్పు గాలి, పిడుగు

సముద్రతీరాన గోపాలపురం (గోపాల్‌పూర్) వైపు ఉండేవాళ్లకి పొడవు కంటే ముందు శత్రువు ఉప్పు గాలి. పైచివర పీఎల్-259 కనెక్టర్‌ని ఒక వానాకాలం టేపు సరిగ్గా చుట్టకుండా వదిలేసి, తర్వాత విప్పి చూస్తే తెలుస్తుంది. తొడుగు కత్తిరించగానే నల్లటి పొడి రాలుతుంది. రాగి జల్లెడ ఆకుపచ్చగా, వేలితో నలిపితే విరిగేలా ఉంటుంది. నీరు జల్లెడ అల్లికలోంచి వత్తిలోకి నూనె ఎక్కినట్టు పాకుతూ పోతుంది, అర మీటరు కోసినా నలుపు పోదు, ఒక్కోసారి రెండు మీటర్లు కోయాలి. అలాంటి కేబుల్‌లో నష్టం పుస్తకం లెక్కలకి అందదు. సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు సాగదీసి కింది నుంచి పైకి చుట్టాలి. అప్పుడు చుట్ల అంచులు పెంకుల్లా కిందికి చూస్తాయి, నీరు లోపలికి దూరదు. గదిలోకి దూరే చోట కేబుల్‌ని ఒక జానెడు కిందికి వంచి మళ్లీ పైకి తీసుకోవాలి, బొట్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి.

పిడుగుల సంగతి ఒడిశాలో అందరికీ తెలిసిందే. యాంటెన్నా నుంచి కిటికీకి గాలిలో నేరుగా లాగితే ఐదారు మీటర్లు కలిసొస్తాయి, కానీ ఆ దారి మంచిది కాదు. కేబుల్‌ని ముందు నేల దాకా దించి, జల్లెడని ఎర్త్ రాడ్‌కి కలిపి, అక్కడి నుంచి గోడ వెంట తేవాలి. ఆ ఐదారు మీటర్ల నష్టం 7 మెగాహెర్ట్జ్‌లో పావు డీబీ కూడా ఉండదు. ఎర్త్ చేసినా సరే, మబ్బు పట్టినప్పుడు కనెక్టర్ విప్పి బయట పెట్టాలి. విప్పి బయట పెట్టేంత వదులు కూడా కేబుల్‌లో ఉండాలి.

2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లా కొండల్లో కుంభవృష్టి కురిపించింది. కరెంటు, ఫోన్ టవర్లు పోయిన అలాంటి రోజున చెట్టు మీది యాంటెన్నా కూడా ఉండదు. కొత్తగా ఎక్కడో కట్టుకోవాలి, ఎక్కడో ముందే తెలియదు. అందుకే ఒక సంచిలో పదిహేను మీటర్ల కేబుళ్లు రెండు, కలపడానికి ఒక బ్యారెల్ కనెక్టర్ ఉంచుకోవడం మంచిది. హెచ్‌ఎఫ్‌లో ఒక జాయింట్‌లో పోయేది లెక్కలోకి రాదు. అక్కడ హాఫ్ వేవ్ కొలత గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు, కేబుల్ అందడం ఒక్కటే ముఖ్యం.

మామూలు రోజుల్లో కొనడానికి బయల్దేరే ముందు చెయ్యాల్సిన పని ఒక కొబ్బరి తాడు తీసుకోవడం. చెట్టు మీద డైపోల్ మధ్య బిందువు ఉండే చోట కట్టి, నిట్టనిలువుగా నేల దాకా వదలాలి, పది మీటర్లు. చెట్టు మొదట్లో ఎర్త్ రాడ్ పక్క నుంచి పెరడు దాటి నుయ్యి దాకా ఎనిమిది. వసారా గోడ పట్టుకుని వీధి గది దాకా పద్నాలుగు. కిటికీ లోంచి బల్ల దాకా మూడు. తాడుని మూలల దగ్గర నిలువుగా మడవకుండా, కేబుల్ వంగేంత గుండ్రంగానే వంచాలి, లేకపోతే కొలతలో తేడా వస్తుంది. ముప్ఫై ఐదు మీటర్లు తేలింది. చోక్‌కి ఒక మీటరు, గాలికి చెట్టు ఊగితే కేబుల్ లాక్కుపోకుండా పైన ఒకటిన్నర, నీటి వంపుకి అర మీటరు, గదిలో విప్పి బయట పెట్టేందుకు ఒక మీటరు, రెండు చివరలా చెరి అర మీటరు. మొత్తం నలభై.

కట్టేశాక, కనెక్టర్ యాంటెన్నాకి తగిలించే ముందు, పైచివర తెరిచి ఉంచి నానోవీఎన్‌ఏలో 7.1 దగ్గర రిటర్న్ లాస్ (పంపినది తిరిగొచ్చేసరికి ఎన్ని డీబీ తగ్గిందో చెప్పే అంకె) చూడాలి, తర్వాత షార్ట్ చేసి చూడాలి. రెండిటి సగటులో సగమే కేబుల్ నష్టం. కొత్త ఆర్‌జీ-58 అయితే 1.6 డీబీ చుట్టుపక్కల ఉంటుంది. ఆ అంకె, తేదీ ఒక కాగితం మీద రాసి కేబుల్ కింది చివరకి టేపుతో అంటించాలి. వానలు వెళ్లాక మళ్లీ కొలిచినప్పుడు 1.6 ఉన్న చోట 2.5 కనిపిస్తే పైచివర నీరు దిగినట్టే. అప్పుడు మంచి రాగి కనిపించే దాకా కోసి కొత్త కనెక్టర్ వేయాలి. పైచివర అర మీటరు ఎక్కువ కొన్నది అందుకే.